ఇరవై మూడు సారీలు, మూడు గైర్హాజరులు

పోయిన నెల పదో తేదీ మంగళవారం నేను సారీలు లెక్కపెట్టాను. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా నా చెవిన పడ్డవీ నా ఫోనులోకి వచ్చినవీ అన్నీ కలిపి ఇరవై మూడు. ఒక తెల్ల కాగితం మీద నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా, ఇలా గీసుకుంటూ పోయాను. బీపీ మిషను కంపెనీ ఫోనులోని రికార్డు గొంతు పదకొండు. మా మనవరాలు నాలుగు. డాక్టరుగారి దగ్గర కౌంటరులో కూర్చునే అమ్మాయి మూడు. సామాన్లు తెచ్చిన మనిషి రెండు. మా అపార్టుమెంటు సెక్రటరీ గ్రూపులో రెండు. లిఫ్టులో నా కాలు తొక్కినాయన ఒకటి. ఆయన కాలు తీయకముందే సారీ అన్నాడు. అన్న తర్వాత కూడా కాలు తీయడానికి కొంత సమయం తీసుకున్నాడు.

ఈ ఇరవై మూడింటిలో, ఆ మాట అన్నందువల్ల ఏదైనా ఒక పని చక్కబడినవి ఎన్ని అని కూడా పక్కన రాశాను. సున్నా.

నాకు ఈ విసుగు ఊరికే రాలేదు. కొత్తగా కొన్న బీపీ మిషను ఒకే చేతికి పది నిమిషాల్లో మూడు రకాల అంకెలు చూపిస్తోంది. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి బీపీ ఎంతో తెలియకపోతే మాత్ర సగం వేసుకోవాలా ఒకటి వేసుకోవాలా అన్నది తెలియదు. కంపెనీకి ఫోను చేస్తే ముందు పాట, తర్వాత సారీ, మళ్ళీ పాట. ఆ రోజు నలభై ఒక్క నిమిషాలు ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. చివరికి ఫోను తీసిన అబ్బాయి కూడా మొదట అన్న మాట అదే.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఇదే బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేశాను. కార్మికులు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి వెళ్ళారు, ఎవరు సెలవు పెట్టారు, ఎవరు చెప్పకుండా మానేశారు, ఇవన్నీ హాజరు పట్టీలోకి ఎక్కించే విభాగం అది. చెప్పి మానేస్తే సెలవు. చెప్పకుండా మానేస్తే గైర్హాజరు. రెంటికీ ఒక్క అక్షరమే తేడా పట్టీలో, మనిషికి మాత్రం చాలా తేడా. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేత్తో ఒక మనిషికి తప్పుగా గైర్హాజరు పడలేదు. రిటైరయిన రోజు వేదిక మీద ఈ మాట మా పై అధికారి చెప్పాడు. నిజం కాబట్టి నేను మొహమాటపడలేదు.

ఆ రోజు నాకు బహుమతిగా ఇచ్చింది పెద్ద ఇంగ్లీషు నిఘంటువు. మాటలకు అర్థాలే కాక, ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతుంది. ఆ మంగళవారం సాయంత్రం కాళ్ళు చాపుకుని కూర్చుని సారీ అన్న మాట తీశాను. ఇంతమంది ఇన్నిసార్లు వాడే వస్తువు అసలు దేనితో చేసిందో చూద్దామని.

చూస్తే దాని మూలం పుండు. పాత ఇంగ్లీషులో పుండుకీ నొప్పికీ ఒక మాట ఉండేది. ఒంట్లో ఆ నొప్పి నిండిన మనిషిని చెప్పే మాట సారీ. దుఃఖానికి ఇంగ్లీషులో ఉన్న సారో అన్న మాట దీనికి చెల్లెలిలా వినిపిస్తుంది గానీ చుట్టరికం లేదట. వేరే ఇంటి పిల్ల. పక్కపక్కన తిరిగి తిరిగి పోలిక వచ్చింది, అంతే. జర్మను భాషలో 'చాలా' అనడానికి వాడే మాట కూడా ఈ నొప్పి నుంచే పుట్టిందట. నొప్పి పుట్టేంతగా అని మొదలై, ఉత్త చాలాగా మిగిలింది. సారీకి ఇంకో అర్థం కూడా ఉంది, చూడ్డానికి జాలిగొలిపేది, ఎందుకూ పనికిరానిది అని. ఒక్క మాటగా గాలిలోకి విసిరి పోయే అలవాటు బాగా తర్వాతి కాలంలో వచ్చింది. మొదట్లో 'నాకు నొప్పిగా ఉంది' అని పూర్తిగా చెప్పుకోవాల్సి వచ్చేది. ఎవరికి నొప్పి, ఎందుకు నొప్పి అన్నవి రాలిపోయి మాట ఒక్కటే మిగిలింది.

మా ఆయన పోయినప్పుడు నా పాత ఆఫీసు నుంచి ఒక్కొక్కరూ వచ్చి సారీ అనడం నాకు గుర్తొచ్చింది. మూడో రోజుకు నాకు ఓర్పు నశించి, ఒకాయనను, "మీరేం చేశారండీ?" అని అడిగాను. ఆయన బెదిరిపోయి, "నేనేం చెయ్యలేదమ్మా" అన్నాడు. పాత అర్థం ప్రకారం పాపం ఆయన అన్నదే సరైన వాడకం. నా దగ్గర అప్పటికీ ఈ నిఘంటువు ఉంది. తెరవలేదు.

మరి ఈ మాట రాకముందు మనం ఏమనేవాళ్ళం? మా అమ్మ నోట 'క్షమించు' అన్న మాట నేను ఎన్నడూ వినలేదు. అది పూజలో దేవుడికి చెప్పే మాట. నడుస్తూ ఎవరికైనా కాలు తగిలితే వంగి, తగిలినచోట చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకునేవాళ్ళం. నోటితో ఏమీ అనేవాళ్ళం కాదు. పెద్ద తప్పు చేస్తే చెంపలు వేసుకోమనేవాళ్ళు. మా అన్న మెల్లిగా వేసుకుంటే మా అమ్మ, "చప్పుడు రాలేదు, మళ్ళీ వేసుకో" అనేది. ఇంకా చెప్పాలంటే 'తప్పయింది' అనేవాళ్ళం. కన్నడంలోనూ అంతే, తప్పాయ్తు. ఆ మాటలో తప్పు అనేది కనబడుతుంది. నోరు తిరగడమూ కష్టమే. నేను ఎంతమందికి ఎన్నిసార్లు అన్నానా అని ఆలోచిస్తే వేళ్ళు మిగిలిపోయాయి.

ఇవన్నీ ఆలోచించుకుని, ఇరవై మూడు సారీల కాగితాన్ని మడిచి, నిఘంటువులో ఆ పేజీలోనే గుర్తుగా పెట్టి మూసేశాను.

పదకొండో తేదీ పొద్దున ఏడున్నరకు మా ఇంట్లో పనిచేసే ఆమె రాలేదు.

ఆమెది కదిరి దగ్గర పల్లె. భర్త బిల్డింగు పనుల్లో సెంట్రింగు కొడతాడు. కె.ఆర్.పురం వైపు ఒక గదిలో ఉంటారు. ఎనిమిదేళ్ళుగా కుందలహళ్ళిలోని మా అపార్టుమెంటులో కసువు ఊడ్చి, గిన్నెలు తోముతోంది. మా ఇల్లు కాక ఇంకో నాలుగు ఇళ్ళు. ఆమె ఎన్నింటికి వచ్చిందీ ఎన్నింటికి వెళ్ళిందీ నేను ఒక పుస్తకంలో రాస్తాను. పాత అలవాటు. ఆమె దాన్ని 'నీ రామకోటి' అంటుంది.

రెండేళ్ళ క్రితం గేటు దగ్గర ఒక యాప్ పెట్టారు. పనివాళ్ళకు ఒక్కొక్కరికి ఒక నంబరు. వాచ్‌మన్ ఆ నంబరు నొక్కితే గేటు తెరుచుకుంటుంది, మన ఫోను టింగుమంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నీ అందులో ఉంటాయి. మనం నక్షత్రాలు ఇవ్వవచ్చు, ఐదింటికి ఇన్ని అని. కింద రెండు మాటలు రాయవచ్చు. అపార్టుమెంటులో అందరికీ అవి కనబడతాయి. మా మనవరాలు నా ఫోనులో అది పెట్టిన రోజు, నా టైమ్ ఆఫీసు నాకు తిరిగి వచ్చినట్టు సంతోషపడ్డాను. అబద్ధం ఎందుకు.

పదకొండు రాలేదు, పన్నెండు రాలేదు, పదమూడు రాలేదు. మూడు రోజులూ నేనే వంగి ఊడ్చాను. పద్నాలుగో తేదీ శనివారం ఏడూ ముప్పై మూడుకు వచ్చింది, ఏమీ జరగనట్టు చీపురు తీసుకుంది.

"చెప్పకుండా మూడు దినాలు ఎట్లా మానేస్తావు?" అన్నాను.

"చెప్పి పోతిని కదమ్మా."

"ఎప్పుడు?"

"మంగళారం పొద్దున. రేషను కార్డుకు ఏలిముద్ర ఎయ్యల్ల, ఊరికి పోతాండా, మూడు దినాలు రాను అని చెప్తిని. నువ్వు తల ఊపితివి."

"నువ్వు చెప్పి ఉంటే నా పుస్తకంలో ఉంటుంది. ఇదిగో మంగళవారం. ఏడూ ఇరవై ఎనిమిదికి వచ్చావు, ఎనిమిదీ ఐదుకు వెళ్ళావు. ఇంకేమైనా ఉందా?"

ఆమె పుస్తకం వైపు చూడలేదు. నా మొహం వైపు ఒక్క క్షణం చూసి, చీపురు పట్టుకున్న చెయ్యి మార్చుకుంది. రెండో ఇంటికి టైమవుతోంది.

"సరేలేమ్మా. సారీ."

ఆ ఇరవై నాలుగో సారీ నా ఒళ్ళు మండించింది. వాదించినా బాగుండేది. సారీ అన్నదంటే ఒప్పుకున్నట్టే కదా, మరి ఇంతసేపు చెప్పానని ఎందుకు అన్నట్టు? ఆమె వెళ్ళగానే ఫోను తీశాను. రెండు నక్షత్రాలు ఇచ్చాను. కింద, 'పదకొండు నుంచి పదమూడు వరకు చెప్పకుండా మానేసింది. అడిగితే ఒప్పుకుంది' అని రాశాను. తేదీలతో సహా రాసింది ఆ యాప్‌లో నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు 'ఓకే', 'గుడ్' అని రాస్తారు. వాళ్ళ రాతకు బరువు లేదు, నా రాతకు ఉంది. ఆ సంగతి నాకు తెలిసే రాశాను.

ఇరవై ఎనిమిదో తేదీ శనివారం మా మనవరాలు ఇంట్లో ఉంది. దాని ఆఫీసు ఇక్కడికి దగ్గర, అందుకే నా దగ్గర ఉంటుంది. నా స్టీలు డబ్బా మూత ఎక్కడో పోగొట్టి, "సారీ అమ్మమ్మా" అంది ఫోనులోంచి తల ఎత్తకుండా.

"అయితే నువ్వే పోగొట్టావన్నమాట."

"నేనన్నానా?"

"సారీ అన్నావుగా."

"సారీ అంటే ఒప్పుకోవడం కాదు అమ్మమ్మా. గొడవ వద్దు, వదిలెయ్ అని. నువ్వు ఊరుకోవుగా, అందుకని అంటాం."

"అందుకని అంటారా? ఎవరు?"

"అందరం. నీతో మాట్లాడే వాళ్ళందరం."

దీనికి సమాధానం నిఘంటువులోనే చూపిద్దామని లేచి పెద్ద పుస్తకం దించాను. ఆ పేజీలో మడిచి పెట్టిన కాగితం జారి ఒళ్ళో పడింది. విప్పాను. గీతలు, ఇరవై మూడు మొత్తం, సున్నా. ఆ కింద, కుడివైపు మూలలో, వంకరగా, ఫోను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రాసినప్పుడు వచ్చే అక్షరాలతో: 'పనామె 11, 12, 13 రాదు. వేలిముద్ర. ఊరు.'

నా రాతే. ఏడు అంకెకు నేను అడ్డగీత పెడతాను, మూడుకు పైన బల్లపరుపుగా గీస్తాను. ఆ మూడు నాది.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. నేను రికార్డు గొంతు ఎన్నోసారి సారీ అంటుందో అని చెవి అటు పెట్టాను. చెయ్యి దానంతట అది రాసింది, తల దానంతట అది ఊగింది, మనిషిని మాత్రం నేను వినలేదు. పుస్తకంలోకి ఎక్కించలేదు. పుస్తకంలో లేదు కాబట్టి జరగలేదన్నాను.

"ఏమైంది అమ్మమ్మా?" అంది మనవరాలు.

"ఏం లేదు. పేజీ దొరకలేదు" అన్నాను.

ఇక్కడ ఒక విషయం రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. మరుసటి రోజు ఆదివారం ఆమె వచ్చింది. ఏడూ ఇరవై తొమ్మిది నుంచి ఎనిమిదీ పది దాకా నలభై ఒక్క నిమిషాలు నా ఇంట్లో ఉంది. నేను కుర్చీలో కూర్చుని పేపరు చదివాను. చెప్పలేదు. సోమవారం చెప్దాం, బీపీ చూసుకున్నాక చెప్దాం అనుకున్నాను. మిషను ఆ రోజు నాలుగో రకం అంకె చూపించింది.

సోమవారం ఏడున్నరకు ఫోను టింగనలేదు. ఏడూ నలభైకి కిందికి దిగాను. గేటు అవతల ఆమె సంచి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. వాచ్‌మన్ ఒరిస్సా నుంచి వచ్చినవాడు, మాతో వచ్చీరాని హిందీ మాట్లాడతాడు. నంబరు నొక్కి నాకు ఫోను చూపించాడు. ఎర్రటి గీత వచ్చింది.

"బంద్ హై అమ్మా. నహీ లేతా."

"నిన్న వచ్చింది కదా!"

"కల్ ఠీక్ థా. ఆజ్ బంద్."

నిన్న బాగుంది, ఈ రోజు లేదు. అంతవరకే వాడికి తెలుసు. గేటు అవతల నుంచి ఆమె, "ఏమైనాదమ్మా? నేనేం జేస్తి?" అంది. అడుగుతానని చెప్పి రెండో అంతస్తులో సెక్రటరీ ఇంటికి వెళ్ళాను. విజయవాడ వైపు పిల్లవాడు, ముప్పై ఐదేళ్ళుంటాయి, మంచివాడే. చెవిలో ఇయర్‌ఫోను తీయకుండా మాట్లాడతాడు.

"అది ఆటోమేటిక్ ఆంటీ. ప్రతి నెలా ముప్పైకి యావరేజ్ మూడు కన్నా తగ్గితే కోడ్ ఆఫ్ అయిపోతుంది. మనందరం మీటింగులో ఒప్పుకున్న రూలే."

"ఆమెకు ఎందుకు తగ్గింది?"

ఫోనులో చూశాడు. నా వైపు చూశాడు. "మీ రేటింగే కదా ఆంటీ. మీ కామెంట్ చూసి ఇంకో ఇద్దరు తగ్గించారు. మీరు డేట్లతో రాశారుగా, అందరూ నమ్మేశారు."

"అది తప్పు. నేను మార్చాలి."

"ఎడిట్ ఏడు రోజులే ఆంటీ. దాటిపోయింది. సారీ."

"తప్పు రాస్తే దిద్దే దారి లేని పట్టీ ఒక పట్టీనా? నా చేత ఎందుకు రాయించారు మరి?"

"ఆంటీ, ఆంటీ, బీపీ పెంచుకోకండి. గ్రూపులో ఒక సారీ పెట్టెయ్యండి. ఇష్యూ క్లోజ్. నాకు కాల్ ఉంది, సారీ ఆంటీ."

నా బీపీ ఎంతో నాకే తెలియదు, పెరిగిందో లేదో ఈయనకెలా తెలుసు?

గ్రూపులో పెట్టాను. 'పద్నాలుగో తేదీ నేను రాసిన వ్యాఖ్య తప్పు. సారీ.' అరగంటలో పదిహేడు దండాల బొమ్మలు, ఆరు బొటనవేళ్ళు, ఒక పువ్వు. ఒకావిడ 'సో స్వీట్ ఆఫ్ యూ ఆంటీ' అని రాసింది. ఏ వ్యాఖ్య, ఎవరి గురించి, ఆమె ఎక్కడుంది అని ఒక్కరూ అడగలేదు. గేటు మూసే ఉంది.

మధ్యాహ్నం ఆమెకు ఫోను చేశాను. ఏం చెప్పాలో కాగితం మీద వరసగా రాసి పెట్టుకున్నాను. తీరా ఆమె "అలో" అనగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "సారీమ్మా."

అంత సులువుగా వచ్చింది. జారినట్టు వచ్చింది. గొంతులో ఎక్కడా తగల్లేదు.

"అయ్యో, ఉండనీలేమ్మా" అంది ఆమె. అదీ అంతే సులువుగా. ఇద్దరం ఒకరినొకరం వదిలించుకున్నాం. అవతల బస్సు చప్పుడు. "ఇంగో చోట పని అడుగుదామని పోతాండా. పెట్టేస్తానమ్మా" అని పెట్టేసింది.

నా కాగితం మీద రాసుకున్న వరస అలాగే ఉంది, ఒక్క వాక్యం కూడా చదవలేదు.

టైమ్ ఆఫీసులో చేరిన మొదటి వారం మా సూపర్‌వైజరు ఒక పద్ధతి నేర్పాడు. పట్టీలో తప్పు పడితే రుద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు, పేజీ చించకూడదు. తప్పు మీద ఎర్ర సిరాతో ఒక్కటే గీత, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాయాలి. రాసినవాడి సంతకం, తేదీ. ఆ తర్వాత ఆ కార్మికుణ్ణి పిలిపించి, అతని ముందు చదివి వినిపించి, అతని సంతకం తీసుకోవాలి. "వాడి పరోక్షంలో తప్పు రాశాం. దిద్దడం కూడా వాడి పరోక్షంలోనే చేస్తే వాడికేం దక్కింది?" అనేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇతరుల తప్పుల మీద నేను పద్నాలుగు ఎర్రగీతలు గీశాను. ఎర్ర సిరా కలం ఇప్పటికీ సొరుగులో ఉంది.

సాయంత్రం మళ్ళీ ఫోను చేసి, "రేపు ఏడింటికి గేటు కాడికి రా. పనికి కాదు. నాతో ఒక పని ఉండాది" అన్నాను. "లోపలికి రానియ్యరు కదమ్మా" అంది. "లోపలికి రావద్దు. గేటు కాడే" అన్నాను.

ముప్పై ఒకటో తేదీ మంగళవారం ఆరూ యాభైకి నా పుస్తకం, కలం, ఇరవై మూడు సారీల కాగితం తీసుకుని దిగాను. వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ అడిగి తీసుకుని, కార్లు బయటికి పోయే దారిలో, కొంచెం అడ్డంగానే వేసుకున్నాను. ఏడింటికి ఆమె వచ్చింది. లోపలికి రానివ్వలేదు కాబట్టి గేటు అవతలే నిలబడింది. గేటు కడ్డీల మధ్య నుంచి పుస్తకం చూపించాను.

"ఇదేందమ్మా, ఈడ కచేరీ పెట్టినావు?"

"వింటూ ఉండు."

ఏడూ పదికి సెక్రటరీ కారు వచ్చింది. అద్దం దించి, "ఆంటీ, కొంచెం జరుగుతారా" అన్నాడు.

"దిగి ఇది చదువు. పైకి చదువు. ఆమెకు వినబడాలి."

"ఆంటీ, ఎనిమిదింటికి మీటింగు..."

"నాలుగు వరసలు. నిమిషం పట్టదు."

వెనక రెండో కారు ఆగింది, మూడోది హారను కొట్టింది. అతను దిగి, పుస్తకం తీసుకుని చదివాడు. చదివేటప్పుడు చెవిలోది తీశాడు. "పదకొండు, పన్నెండు, పదమూడు తేదీలకు గైర్హాజరు అని రాసింది తప్పు. సెలవు. పదో తేదీ పొద్దున నాకు చెప్పి వెళ్ళింది. నేను వినలేదు. నా చేత్తో రాసుకున్న కాగితం ఇందులో జతపరిచాను. యాప్‌లో నేను పెట్టిన మాట అబద్ధం."

"అబద్ధం అని ఎందుకు ఆంటీ, మిస్టేక్ అనొచ్చు కదా" అన్నాడు మెల్లిగా.

"ఇరవై ఎనిమిదో తేదీ దాకా మిస్టేకు. ఆ తర్వాత రెండు రోజులు తెలిసి కూడా ఊరుకున్నాను. దాన్నేమంటారు?"

అతను పుస్తకం నా చేతికి ఇచ్చాడు. నేను గేటు వైపు తిరిగాను. నాలుగు కార్ల వాళ్ళు, వాచ్‌మన్, పాలు తీసుకుని వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చూస్తున్నారు. "తప్పయింది నాది" అన్నాను. ఆ రెండు మాటలకు గొంతు నిజంగానే నొప్పి పుట్టింది.

ఆమె సంచి ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"ఆ దినం నువ్వు పుస్తకం జూపించి నిలబెట్టి అడిగితివే, అప్పుడు నొచ్చినాదమ్మా. పని పోయినందుకు గూడా అంత నొచ్చలేదు. ఎనిమిదేండ్లు జూసినావు గదా నన్ను. పుస్తకాన్ని నమ్మితివి, నన్ను నమ్మలేదు."

నేను తల వంచుకున్నాను. బహుశా మరీ ఎక్కువసేపు వంచుకున్నాను.

"సాలు లేమ్మా" అంది. "ఇంగ చెంపలేసుకుంటావా ఏంది? అందరూ జూస్తాండారు. లేయి, కార్లు పోనీ."

"నంబరు వచ్చేదాకా లేవను" అన్నాను.

సెక్రటరీ అక్కడే నిలబడి ఫోనులో నొక్కడం మొదలుపెట్టాడు. వెనక హారన్లు ఎక్కువయ్యాయి. పాత నంబరు తెరుచుకోదట. ఆమెను కొత్త మనిషిగా ఎక్కిస్తే కొత్త నంబరు వస్తుందట. నా వ్యాఖ్య పోతుంది, దానితోపాటు యాప్‌లో ఉన్న ఆమె రెండేళ్ళూ పోతాయి, నక్షత్రాలన్నీ సున్నా నుంచి. వేరే దారి లేదా అని అడిగాను. లేదన్నాడు. సారీ అనబోయి నా మొహం చూసి ఆపుకున్నాడు. ఆ ఒక్కటి ఆపుకున్నందుకు అతని మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

"ఎనిమిదేండ్లు ఊడ్చినా కొత్త పెండ్లికూతురునే" అని ఆమె గేటు దాటి లోపలికి వచ్చింది. నా ఫోను టింగుమంది. ఏడూ ఇరవై ఆరు.

పైకి వెళుతూ లిఫ్టులో ఆమె చెబితే తెలిసింది. ఆరో అంతస్తులో చంటిపిల్ల ఉన్న ఇంట్లో పగలంతా పాపను చూసుకునే పనికి ఈమెను మాట్లాడుకున్నారు. ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు. ఆ పని వస్తే నాలుగిళ్ళ గిన్నెలు మానెయ్యవచ్చు, నడుము నొప్పికి కొంచెం తెరిపి అనుకుంది. నా మాట చదివి వాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. నేను నాలుగులో దిగకుండా ఆరు నొక్కాను. ఆ ఇంటి అమ్మాయి పాపను భుజాన వేసుకుని తలుపు తీసింది. పుస్తకం చూపించాను. చదివింది. కళ్ళలో నిజంగానే నొచ్చుకున్నట్టు కనబడింది.

"అయ్యో, సారీ ఆంటీ. కొత్తామె నిన్నటి నుంచే వస్తోంది. ఇప్పుడు ఆమెను ఎలా మానిపించను?"

మానిపించమని నేనెలా చెప్పగలను? ఆ కొత్తామె తప్పేముంది? ఏ ఎర్రగీతా అక్కడిదాకా పోదు. దిగి వచ్చేశాం. మెట్ల మీదుగానే దిగాం.

ఇంట్లోకి వచ్చాక బల్ల మీద పుస్తకం తెరిచి మూడు గైర్హాజరుల మీద మూడు ఎర్రగీతలు గీశాను. పక్కన సెలవు, సెలవు, సెలవు అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. మొత్తం పదిహేడు అయ్యాయి నా లెక్కలో, ఇవి మూడు నావి. పుస్తకం ఆమె వైపు తిప్పాను. పాత ఆఫీసు అలవాటు కొద్దీ స్టాంపు ప్యాడు కూడా తీసి పెట్టాను.

"మళ్ళా ఏలిముద్రేనా?" అంది. "దాని కోసమే గదా ఇంత గలాటా. నాకు సంతకం వచ్చమ్మా, ఏడు దాకా చదివినా."

స్టాంపు ప్యాడు లోపల పెట్టేశాను. ఆమె కుర్చీలో కూర్చుంది. ఎనిమిదేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం చూడలేదు. మూడుచోట్లా మెల్లిగా, ఒక్కో అక్షరం వేరువేరుగా, పేరు రాసింది. తర్వాత కలం కింద పెట్టకుండా పేజీ పైనుంచి కిందికి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా నేను ఆమె గురించి రాసింది ఆమె చదవడం అదే మొదటిసారి.

"ఇదేందమ్మా? పదారో తేదీ పన్నెండు నిమిషాలు లేటని రాసినావే?"

"లేటుగా వచ్చావు, రాశాను."

"ఆ దినం లిఫ్టు చెడిపోయుండె. మెట్లెక్కి వస్తి. మూడో అంతస్తు కాడ ఆ ముసలాయన బిందె గూడా మోసి ఇస్తి."

అదే పేజీలో, ఎడమవైపు గడిలో, నా రాతలోనే ఉంది: 'లిఫ్టు లేదు, పొద్దున ఆరు నుంచి పదకొండు.' రెండు వరసలకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం లేదు. నేను రెంటినీ కలిపి ఎన్నడూ చూడలేదు.

ఎర్ర కలం మూత ఇంకా పెట్టలేదు. పన్నెండు నిమిషాల మీద గీత గీసి, పక్కన తేదీ వేశాను.

"దీనికీ నేను సంతకం పెట్టల్లా?" అంది.

"పెట్టాల్సిందే."

"అయితే ముందు కాఫీ పెట్టుకోనొస్తా. ఈ పుస్తకం శానా పేజీలుండాది" అని కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను పేజీ వెనక్కి తిప్పాను.